మూడడుగుల వల

2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది గానీ, ఇక్కడి సూర్యుడు మాత్రం ఇంకా మన గడియారానికి లొంగలేదు. దేశం మొత్తానికీ టైము 82.5 డిగ్రీల రేఖ దగ్గర లెక్కగట్టారు. అది కాకినాడ పక్కనుంచి పోతుంది. మేమేమో 93 డిగ్రీల దగ్గర, బంగాళాఖాతం అవతలి గట్టున ఉన్నాం. డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం ఐదింటికల్లా చీకటి ముసురుతుంది. మా కాలేజీలో చివరి క్లాసు వదిలేది నాలుగున్నరకి. ఉన్న అరగంటలో సగం టెన్నిస్ కోర్టు గది తాళంచెవి వెతకడానికే సరిపోతుంది.

పొద్దున్నే ఆడుకోవచ్చుగా అంటారు మెయిన్‌లాండ్ నుంచి వచ్చే చుట్టాలు. ఐదింటికే తెల్లారే మాట నిజమే. తెల్లారగానే లేచే హాస్టల్ కుర్రాణ్ని ఎక్కడైనా చూస్తే వాళ్లనే పట్టుకు రమ్మంటాను.

ఇక వాన. మేలో నైరుతి దిగుతుంది. అది సర్దుకునేలోపే ఈశాన్యం తయారు. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్లు, అంటే హైదరాబాదు వానకి మూడింతల పైమాటే. కొత్త బంతుల డబ్బా మూత లాగితే బుస్సుమంటుంది. ఆ చప్పుడు వినడానికే పిల్లలు గుమిగూడతారు. ఆ తర్వాత పది రోజులకి బంతి మీది నూగు తడి పీల్చి బరువెక్కుతుంది, నెలకి దానిమీద నిజంగానే పచ్చటి బూజు మొలుస్తుంది. బాగా కొడితే అవతలివాడి మొహాన నీళ్లు చిందుతాయి. కొత్తవి కావాలంటే షిప్పు రావాలి. ఇక్కడ ఉల్లిపాయలైనా, బంతులైనా, ఏదడిగినా జవాబు అదే.

ఈ ఊళ్లో టెన్నిస్‌కి మంచిరోజులు లేకపోలేదు. అబర్దీన్ జెట్టీలో పడవెక్కితే కాసేపట్లో రాస్ ద్వీపం, 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. ఖైదీల చేత అడవి కొట్టించి దొరలు అక్కడ చర్చి, బేకరీ, ఈతకొలను, టెన్నిస్ కోర్టు కట్టుకున్నారు. ఖైదీలకేమో ఎదురుగా సెల్యులర్ జైలు. దొరలకి నాలుగున్నర దాకా క్లాసులు లేవు, బంతులు ఏరుకురావడానికి మనుషులకి కొరత లేదు. అలా ఎవరైనా ఆడతారు! 1941 జూన్‌లో భూకంపం వచ్చింది, 1942 మార్చిలో జపాన్ సైన్యం వచ్చింది, ఆట ఆగింది. ఇప్పుడు గోడల్ని మర్రి ఊడలు పట్టుకుని నిలబెడుతున్నాయి. ఒకప్పుడు దొరలు తెచ్చి వదిలిన చుక్కల దుప్పులు మాత్రం ఏ కోర్టులోకైనా దర్జాగా నడిచిపోతాయి.

మా కోర్టులో దుప్పులు లేవు, లుంగీలున్నాయి. వానాకాలంలో కాస్త ఎండ పొడుచుకొస్తే చాలు, హాస్టల్ బట్టలన్నీ నెట్టు మీదికి చేరతాయి. ఆట మొదలెట్టే ముందు టాస్ వెయ్యం, బట్టలు తీయిస్తాం. గీత మీద పడిందా బయట పడిందా అన్న తగువు బెంగాలీ, తమిళ, తెలుగు పిల్లల మధ్య మొదలై, చివరికి అందరికీ వచ్చిన హిందీలో ముదురుతుంది.

లుంగీల బరువుకో ఏమో, నెట్టు నడిమధ్య చిరిగింది. కొత్తదానికి రాశాం. షిప్పు రావాలన్నారు. అంతలో జంగ్లీఘాట్ నుంచి శ్రీకాకుళం జాలరి ఒకాయన, కూతురి ఫీజు కట్టడానికి వచ్చి, కోర్టు దగ్గర ఆగిపోయాడు.

"ఇదేటి మాస్టారూ, ఈ వల? పైన బెండ్లు లేవు, కింద సీసం లేదు. ఇందులో ఏటి పడతాది?"

"ఏదీ పడకూడదయ్యా. అవతలికి దాటాలి. అదే ఆట."

ఆయన నావైపు జాలిగా చూశాడు. వలలో ఏమీ పడకపోతే గెలిచినట్టనే సంగతి ఆయన వంశంలో ఎవరూ విని ఉండరు. అయినా చిరిగిన వల చూసి ఊరుకోవడం చేతకాక, మర్నాడు సూదీ నైలాను దారం పట్టుకొచ్చి చతికిలబడ్డాడు. చూస్తుండగానే ఆయన వేళ్ల కింద కన్ను పక్కన కన్ను పడిపోయింది. అలవాటు కొద్దీ అడుగంచు పొడవునా సీసం గుళ్లు కూడా కట్టేసి, డబ్బులిస్తే తీసుకోకుండా వెళ్లిపోయాడు.

సముద్రపు గాలికి లేచి ఎగిరే నెట్టు ఇప్పుడు అంగుళం కదలదు. స్టాకు రిజిస్టరు రాసే గుమాస్తా మాత్రం, ఆడిట్‌కి ఈ సీసం ఏ పద్దు కింద చూపాలని వారం నుంచి నా వెంట పడుతున్నాడు. చేపల పద్దు ఏదైనా ఉంటే అందులో రాసెయ్యమన్నాను.