ఒప్పుకున్నడంట గదా!

సోలాపూర్‌లో హైదరాబాద్ రోడ్డు పక్కనున్న బీడీ కార్మికుల బస్తీ విడీ ఘర్కుల్‌లో కోర్టు పొద్దున్నే మొదలవుతుంది. ఆడవాళ్ళు చాటల్లో తునికాకు, తంబాకు సర్దుకుని గుమ్మాల్లో కూర్చుంటారు. మగవాళ్ళు సాంచాల కార్ఖానాకు పోయే ముందు చాయ్ బండి దగ్గర ఆగుతారు. ఎవరి ఫోన్‌లోనో వార్త మోగుతుంది. అంతే, జడ్జీ, వకీలు, తలారి ఉద్యోగాలన్నీ అక్కడికక్కడే భర్తీ అయిపోతాయి. ఈ కోర్టులో వాయిదాలు లేవు, సెలవులు లేవు, అప్పీలు అసలే లేదు.

బీడ్ జిల్లా మస్సాజోగ్ సర్పంచ్ సంతోష్ దేశ్‌ముఖ్‌ను 2024 డిసెంబర్ 9న ఎత్తుకుపోయి చంపారు. గాలిమరల కంపెనీని డబ్బుల కోసం బెదిరిస్తున్నవాళ్ళకు అడ్డుపడ్డందుకే ఇదంతా జరిగిందన్నది కేసు. ఊరూరా మోర్చాలు నడిచాయి. హత్య ఫోటోలు బయటికొచ్చాక 2025 మార్చి 4న మంత్రి ధనంజయ్ ముండే రాజీనామా చేశాడు. ఆ కోపం న్యాయమైనదే. కానీ అదే నెలలో, నిందితుడు పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడన్న వార్త వచ్చింది. అప్పట్నుంచి కోపం చేయాల్సిన పని మానేసి తీర్పు రాయడం మొదలుపెట్టింది.

"ఒప్పుకున్నడంట గదా! ఇంక తారీఖులెందుకు? ఫాశీ ఇచ్చుడే."

అదే నోరు అయిదు నిమిషాల తర్వాత: "ఒప్పుకుంటె శిక్ష తక్కువైతదని వకీలు నేర్పిండు కాకా. అంతా నాటకమే."

చాయ్ చల్లారకముందే రెండూ. తిరుగులేని సాక్ష్యమూ ఆ ఒప్పుకోలే, పచ్చి నాటకమూ అదే. ఏదో ఒకటే నిజమవ్వాలి కదా అని అడిగినవాడికి ఆ పూట చాయ్ పుట్టదు. పైగా "నువ్వు వాని తరఫా?" అన్న ప్రశ్న ఉచితం.

నాటకమనేవాళ్ళ కోసం ఒక మాట. మన దేశంలో నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే పద్ధతి 2006 జూలై 5 నుంచి ఉంది. అది ఏడేళ్ళు మించని శిక్షలున్న నేరాలకే వర్తిస్తుంది. ఎత్తుకుపోయి చంపిన కేసులో బేరానికి అసలు దుకాణమే లేదు. ఇక తారీఖులెందుకనేవాళ్ళ కోసం రెండో మాట. సెషన్స్ కోర్టులో నిందితుడు జడ్జీ ముందు నిలబడి "నేనే చేశాను" అన్నా, ఆ మాట రాసుకోవడం జడ్జీ విధి. దాని మీదే శిక్ష వేయాలా వద్దా అన్నది మాత్రం ఆయన విచక్షణ. ప్రాణం పోయే కేసుల్లో కోర్టులు ఆ మాటను పక్కన పెట్టి సాక్షులను పిలవడమే చూస్తాం. పోలీస్ స్టేషన్‌లో ఒప్పుకున్న మాటకైతే మామూలు చట్టం కింద సాక్ష్యంగా విలువే లేదు. ఈ నిబంధన 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది. పాత చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 23వ సెక్షన్. తను పెట్టిన పోలీసును తెల్లదొరే నమ్మలేదు. నమ్మే భారమంతా చాయ్ బండి మీద పడింది.

నిండు కోర్టులో నేరం ఒప్పుకున్న కథ కావాలంటే 2009 జూలై 20 ముంబై ఉంది. జడ్జీ ఎం.ఎల్. తహిల్యానీ ముందు ముంబై దాడుల నిందితుడు కసబ్ హఠాత్తుగా లేచి నేరం ఒప్పుకుంటున్నానన్నాడు. దేశమంతా ఒకటే ప్రశ్న: ఇంకా విచారణ ఏంటి? జడ్జీ ఆ మాటను రికార్డులో పెట్టి, విచారణ ఆపనన్నాడు. తొందరపడ్డవాళ్ళకు అది చేతకానితనంలా కనిపించింది. డిసెంబర్‌లో అదే కసబ్, ముందు చెప్పిందంతా అబద్ధమన్నాడు. సినిమాల మోజుతో ముంబై వస్తే పోలీసులు ఇరికించారన్నాడు! కేసు ఆ ఒప్పుకోలు మీదే నిలబెట్టి ఉంటే అది ఆ రోజే ఊగిపోయేది. ఊగలేదు. ఎందుకంటే అప్పటికే సీఎస్‌టీ స్టేషన్‌లో ఫోటోలు తీసిన సెబాస్టియన్ డిసౌజా సాక్ష్యం చెప్పాడు. కాలికి తూటా తగిలిన పదేళ్ళ పిల్ల చంకకర్ర మీద కోర్టుకొచ్చి, వేలు పెట్టి చూపించింది. 2010 మేలో తీర్పు వచ్చింది. కసబ్‌కు ఉరి పడింది. పటాలు గీసిచ్చారని పోలీసులు పెట్టిన మరో ఇద్దరు మాత్రం సాక్ష్యం చాలక విడుదలయ్యారు. సుప్రీంకోర్టు కూడా ఆ విడుదలను ఖాయం చేసింది. ఒకడు ఒప్పుకున్నాడు కాబట్టి ముగ్గురినీ వేలాడదీయండి అని ఉంటే, ఆ ఇద్దరి సంగతి ఇవాళ అడిగేవాడే ఉండడు.

ఆ విచారణ నుంచి జనానికి గుర్తున్నది మాత్రం సాక్షులు కాదు, బిర్యానీ. కసబ్ జైల్లో మటన్ బిర్యానీ అడిగాడన్న మాట వినని ఇల్లు లేదు. ఇప్పటికీ ఏ కేసులో విచారణ సాగినా "కూసోబెట్టి బిర్యానీ తినిపిస్తుండ్రు" అనేది తయారుగా ఉంటుంది. 2015 మార్చిలో జైపూర్‌లో ప్రాసిక్యూటర్ ఉజ్జ్వల్ నికమ్ తానే చెప్పాడు: కసబ్ బిర్యానీ అడగనే లేదు, అది నేను పుట్టించిన మాట అని. జనంలో కసబ్ మీద జాలి పుడుతోందనిపించి అలా చేశానన్నాడు. అంటే ఆ మొత్తం వ్యవహారంలో పూర్తిస్థాయిలో, స్వచ్ఛందంగా, ఎవరూ కొట్టకుండా వచ్చిన ఒప్పుకోలు ఇదొక్కటే. దీన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు. బిర్యానీ ఇంకా వడ్డిస్తూనే ఉన్నారు.

తెలుగువాళ్ళకు ఈ పాఠం దగ్గర్లోనే ఉంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబర్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2008లో నందిగామ ప్రాంతపు దళిత యువకుణ్ణి పట్టుకుని, ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. అమ్మాయి తల్లిదండ్రులే "వీడు కాదు" అని మొత్తుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళ మాట కంటే ప్రెస్‌మీట్ మాటకే బరువెక్కువైంది. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. చంపిందెవరన్న ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది.

నోయిడాలోని నిఠారీలో ఇదే కథ ఇంకా పెద్దది. పిల్లలు వరసగా మాయమయ్యారు. 2006 చివర్లో ఒక బంగళా వెనక మురికికాలవలో ఎముకలు దొరికాయి. ఇంటి నౌకరు మేజిస్ట్రేట్ ముందే ఒప్పుకున్నాడు. అది కూడా దాదాపు రెండు నెలలు పోలీసుల చేతిలో ఉన్నాక. 2014 సెప్టెంబర్‌లో ఉరికంబం దాకా పోయి, అర్ధరాత్రి సుప్రీంకోర్టు స్టేతో ఆగాడు. 2023 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు ఆ ఒప్పుకోలు నమ్మదగ్గది కాదంది. 2025 నవంబర్ 11న మిగిలిన చివరి కేసులోనూ సుప్రీంకోర్టు విడుదల చేసింది. 2006లో "వెంటనే ఉరి" అన్న నినాదం గెలిచి ఉంటే ఈ తీర్పు వినడానికి మనిషి ఉండేవాడు కాదు. ఇంతకీ ఆ పిల్లలను చంపిందెవరు? ఒకడు ఒప్పుకున్నాడు కదా అని, మిగతా దారులు వెతకాల్సినప్పుడు వెతకలేదు. ఆ తల్లులకు ఇప్పుడు జవాబు చెప్పే దిక్కు లేదు.

అంత ఓపిక లేనివాళ్ళకు చటాన్‌పల్లి పద్ధతి ఉంది. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో, మనం దిశ అని పిలుచుకున్న అమ్మాయిని ఎత్తుకుపోయి చంపారు. నలుగురు దొరికారు, ఒప్పుకున్నారన్నారు. డిసెంబర్ 6 తెల్లారేసరికి నలుగురూ పోలీసు తూటాలకు పోయారు. పోలీసుల మీద పూలు చల్లారు, భుజాలకెత్తుకున్నారు, మిఠాయిలు పంచారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. కావాలనే కాల్చారంది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లంది. పదిమంది పోలీసుల మీద విచారణ జరగాలంది. నివేదిక వందల పేజీలు. దాని మీద ఎవరూ పూలు చల్లలేదు.

ఈ తొందర మన సొంతమని బాధపడాల్సిన పనీ లేదు. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ అత్యాచారం కేసులో అయిదుగురు కుర్రాళ్ళను పట్టుకుంటే, నలుగురు కెమెరా ముందు ఒప్పుకున్నారు. మరణశిక్ష తిరిగి తెమ్మని ఒక బిల్డరు అక్కడి పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేశాడు. 2002లో అసలు మనిషి బయటపడ్డాడు, డీఎన్ఏ సరిపోయింది, అయిదుగురూ నిర్దోషులని తేలింది. బిల్డరు క్షమాపణ చెప్పలేదు. రెండుసార్లు అమెరికా అధ్యక్షుడయ్యాడు.

దోషి నిజంగా దోషే అయిన కేసులోనూ విచారణ ఏమీ చెడగొట్టదు. పెన్సిల్వేనియా కింగ్ ఆఫ్ ప్రష్యాలో 2012 అక్టోబర్‌లో తెలుగు కుటుంబంలోని పదినెలల పసిపాపను డబ్బు కోసం ఎత్తుకుపోయి, నాయనమ్మనూ పాపనూ చంపినవాడు తెలుగువాడే, ఆ కుటుంబానికి తెలిసినవాడే. పోలీసుల ముందు ఒప్పుకున్నాడు, తర్వాత బెదిరించి చెప్పించారని మాట మార్చాడు. డబ్బులడిగిన చీటీలో తల్లిదండ్రుల ముద్దుపేర్లు రాసి ఉన్నాయి. దగ్గరివాళ్ళకు తప్ప తెలియని పేర్లవి. జ్యూరీ అన్నీ విని 2014లో మరణశిక్ష వేసింది. మాట మార్చినా లాభం లేకపోయిందంటే సాక్ష్యం ఉండబట్టే.

విచిత్రమేమంటే, సాక్ష్యం లేని తీర్పును ఒప్పుకోకపోవడం విడీ ఘర్కుల్‌కు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. పొద్దంతా చుట్టిన బీడీలను కట్టలు కట్టి, గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోయిన ఆడమనిషిని చూడండి. చూసేవాడు కట్ట విప్పుతాడు. వేళ్ళతో నొక్కుతాడు. ఇది సన్నం, ఇది పొట్టి, దీనికి ఆకు చినిగింది అని పక్కకు తోస్తాడు. తోసిన ప్రతి బీడీకీ కూలి పోయినట్టే. ఆమె చేతులు కట్టుకుని నిలబడదు. "నా ముందట లెక్కవెట్టు. ఆకు మంచిది నువ్విచ్చినవా?" అంటుంది. తోసిన బీడీని మళ్ళీ తీసి వెలుతురుకు పట్టి చూపిస్తుంది. చేసినవాడి నోటిమాట చాలదు, చూసినవాడి నోటిమాటా చాలదు, సరుకు బల్ల మీద పెట్టాల్సిందే. సోలాపూర్ బీడీ కార్మికుల సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడింది ఇలాంటి వాటి కోసమే. అదే మనిషి ఇంటికొచ్చి చాట ముందేసుకుని, టీవీలో ఒక గొంతు "ఒప్పుకున్నాడు" అనగానే కట్ట విప్పకుండానే ఒప్పేసుకుంటుంది.

ఊరికీ ఈ మరుపు ఉంది. సోలాపూర్ నడిబొడ్డున చార్ హుతాత్మా చౌక్ ఉంది. 1930 మేలో పోలీసుల హత్య కేసు పెట్టి, 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరి తీసిన మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డా విగ్రహాలు అక్కడున్నాయి. సర్కారు దోషులన్నవాళ్ళకు ఊరు ఏటా దండలేస్తుంది. దండ వేసి దిగి, రోడ్డు దాటి, చాయ్ బండి దగ్గర "సర్కారు చెప్పింది గదా, ఇంకేం చూసుడు?" అంటుంది. పద్మశాలీల సంగతి మరీ చిత్రం. తమ కులానికి మూలపురుషుడు మార్కండేయుడంటారు. నారళీ పున్నమికి ఆయన రథం ఊరేగిస్తారు. పదహారేళ్ళకే చావు రాసిపెట్టి ఉన్న పిల్లాడు, యముడు పాశం వేశాక కూడా శివుడి దగ్గర స్టే తెచ్చుకున్నాడు. యముడి తీర్పు మీదే అప్పీలు గెలిచిన వంశం ఇప్పుడు అప్పీలు దండగంటోంది!

ఇంతకీ ఒప్పుకోలంటే అందరికీ ఇంత ఇష్టమెందుకు? అది అందరి పనీ తప్పిస్తుంది కాబట్టి. పోలీసుకు దర్యాప్తు తప్పుతుంది, చానెల్‌కు ఆరా తీయడం తప్పుతుంది, మంత్రికి జవాబు తప్పుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పక్కింటివాడికి సాక్ష్యం చెప్పే గండం తప్పుతుంది.

నమ్మకపోతే ఏదో ఒక పొద్దున పోలీసు జీపు గల్లీలోకి వచ్చినప్పుడు చూడొచ్చు. హవల్దారు దిగి, పంచనామాకు ఇద్దరు పంచులు కావాలంటాడు. చేయాల్సింది చూసింది చూసినట్టు రాసినదాని కింద సంతకం, రేపు కోర్టు పిలిస్తే ఒక పూట. నిన్న నలుగురిని ఉరి తీసిన చాయ్ బండి చప్పున ఖాళీ అవుతుంది. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటాయి. "నేనప్పుడు ఇంట్ల లేను సాబ్." "మా ఆయన సాంచాల మీదికి పోయిండు." "నాకు కండ్లు సరిగ కనవడయి." ఎవరూ దొరక్క హవల్దారు ఎప్పుడూ పిలిచే ఇద్దరినే మళ్ళీ పిలుస్తాడు. రెండేళ్ళ తర్వాత కోర్టులో వకీలు ఆ ఇద్దరినీ అడుగుతాడు, ఇది మీరు సంతకం పెట్టిన ఎన్నో పంచనామా అని. వాళ్ళు నీళ్ళు నములుతారు. నిందితుడు బయటికొస్తాడు. మర్నాడు పొద్దున చాయ్ బండి దగ్గర, అప్పుడు ఇంట్లో లేని పెద్దమనిషే గ్లాసు కింద పెడుతూ అంటాడు: "చూసినవా కాకా, కోర్టులెట్లున్నయో! గందుకే ఎన్‌కౌంటర్ చెయ్యాలంట."