స్కూటు రాయుళ్లు

పేపర్లో ‘పేకాట రాయుళ్ల అరెస్టు’ అని కనబడినప్పుడల్లా నాకు అసూయగా ఉంటోంది. వాళ్లు కనీసం ఆడుతుండగా దొరికారు. మా గదికి పోలీసులొస్తే పట్టుకోవడానికి నేనొక్కణ్నే మిగులుతాను. తక్కిన ముగ్గురూ అప్పటికే స్కూటు చెప్పి, ఆటలోంచి తప్పుకుని టీ ఊదుకుంటూ ఉంటారు.

పుదుచ్చేరిలో మేట్టుపాళయం పారిశ్రామికవాడ దగ్గర ఓ మేడ మీద గది. ఆదివారం మధ్యాహ్నం పదమూడు ముక్కల రమ్మీ. డబ్బులు పెట్టం, సాయంత్రం పరోటాలు ఎవరి ఖాతాలోనో తేల్చుకోవడానికి పాయింట్లు రాసుకుంటాం. నాది యానాం. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలున్నా సర్కారు ఒక్కటే కదా, అదీ ఇదీ మన ఊరేలే అనుకుని ఉద్యోగానికొచ్చాను. పరోటాల ఖాతా మాత్రం దాదాపు ప్రతివారం యానాం పేరు మీదే తెరుచుకుంటోంది.

నాకు పడే పేక ఒక తీరుగా ఉంటుంది. ఏడు, ఎనిమిది ఆఠీన్లు పక్కపక్కనే. ఆరు వచ్చినా లైఫు, తొమ్మిది వచ్చినా లైఫు. రెండు పేకలు కలిపి ఆడతాం గనక అక్కరకొచ్చే ముక్కలు నాలుగు. లైఫంటే అసలు ముక్కల వరస, అందులో జోకరు చెల్లదు. అంచేత చేతిలో ఉన్న రెండు జోకర్లూ ముహూర్తం కుదరని పెళ్లికి ముందే దిగిపోయిన చుట్టాల్లా తిని కూర్చుంటాయి. ఇలాంటి పేక పట్టుకుని స్కూటు చెప్పేవాడు మనిషేనా?

మనిషే. నా ఎదురుగా ముగ్గురున్నారు. వాళ్లలో పెద్దాయన ముక్కలు ఎత్తడమే ఒక తంతు. బొటనవేలు నాలిక మీద అద్దుకుని ఒక్కొక్కటే జరుపుతాడు. ఇస్పేట్లు ఒకవైపు, కళావర్లు ఒకవైపు పేరుస్తాడు. విసనకర్రలా విప్పి, మళ్లీ మూసి, మళ్లీ విప్పి చూస్తాడు. ఇంత భక్తిగా చూస్తున్నాడంటే ఏదో గట్టిదే పడిందని నేను గుండె చిక్కబట్టుకుంటాను. ఆయన పదమూడు ముక్కల్నీ అంచులు కలిపి, బల్ల మీద బోర్లా పెట్టి, పైన వేలితో ఒక్కసారి తట్టి “స్కూట్” అంటాడు. ఆ తట్టు వినగానే మిగతా ఇద్దరికీ ధైర్యం చచ్చిపోతుంది.

లెక్క చూడండి. మొదటి స్కూటు 20 పాయింట్లు. నాకు లైఫు పడ్డ రోజున ముగ్గురూ దించేస్తారు, నాకొచ్చేది 60. లైఫు పడని రోజున వాళ్లలో ఎవడో ఒకడు నిలబడతాడు. వాడు నిలబడ్డాడంటే పేక కుదిరిందనే అర్థం. రెండు తిప్పుల్లో షో కొడతాడు, నేను ఫుల్ కౌంటు 80 రాసుకుంటాను. అంటే నా అదృష్టం ఖరీదు 60, దురదృష్టం ఖరీదు 80. ఈ రేట్లు ఎవడు కట్టాడు? పోనీ మిడిల్ స్కూటు చెప్పి 40తో బయటపడదామా అంటే, రెండో ఆరు ఆఠీను ఇంకా బొత్తిలోనే ఉండొచ్చు కదా!

ఈ విషయంలో సుప్రీంకోర్టు కూడా మనకు అన్యాయమే చేసింది. 1963లో సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. మనవాళ్లు అంతటితో ఊరుకుంటారా? కేసు మేజిస్ట్రేటు దగ్గర మొదలై, హైకోర్టు మెట్లెక్కి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ అని ఢిల్లీ దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పిచ్చారు. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం. రమ్మీ అలా కాదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనుక ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అన్నారు. బాగానే ఉంది. కానీ అయ్యా, ఒక్క ముక్కా ఎత్తకుండా, ఒక్క ముక్కా పారెయ్యకుండా, ఏమీ గుర్తుపెట్టుకోకుండా బోర్లా తిప్పేసేవాడి నైపుణ్యం ఏ పాటిది? ఆ తీర్పు ప్రకారం చూస్తే మా గదిలో రమ్మీ ఆడుతున్నది నేనొక్కణ్నే. తక్కినవాళ్లు అక్కడ ఉత్తినే ఉన్నారు, అంతే. పోనీ తర్వాత వచ్చిన ఏలికలైనా పట్టించుకున్నారా? 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ చట్టంతో తలుపులు మూసింది. ఇన్ని చట్టాలు రాసినవాళ్లు ‘తగిన కారణం లేకుండా వరసగా స్కూటు చెప్పువాడు శిక్షార్హుడు’ అని ఒక్క సెక్షను పెట్టలేకపోయారు. దేశంలో నష్టమంతా ఆడేవాళ్ల వల్లే జరుగుతోందని వాళ్ల నమ్మకం.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడితో మొర పెట్టుకున్నాను. వాడికి పోకరు తెలుసు, అందులోనూ పందెం పెంచడానికి హద్దుండే లిమిట్ హోల్డెమ్. అక్కడా ఇదే గోలట. ఒకే గుర్తువి నాలుగు కుదిరి, ఇంకా రెండు ముక్కలు తెరవాల్సి ఉంటే అయిదోది పడేది నూటికి 35 సార్లే. పడగానే పిరికివాళ్లు ముడుచుకుపోతారు. “అందుకే మావయ్యా, పడకముందే నువ్వు పందెం పెంచెయ్. భయపడి వదిలేస్తే సగం పేకతోనే గెలుస్తావు. వదలకపోయినా నీ ముక్క ఇంకా రావొచ్చు” అన్నాడు. 2015లో కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ను కంప్యూటరు చేత దాదాపుగా తేల్చి పారేశారని కూడా చెప్పాడు. సంతోషమే. రమ్మీలో బెదిరించడానికి ఏముందిరా, మీసం మెలేయడం తప్ప? అదీ చేశాను. పెద్దాయన నా మీసం వంక చూసి ఇంకాస్త తొందరగా స్కూటు చెప్పాడు.

ఆయన మిల్లు మనిషి. పుదుచ్చేరిలో నూలుమిల్లుల కథ ఊరందరికీ తెలిసిందే. 1898లో పెట్టిన ఏఎఫ్‌టీ మిల్లు కూడా 2020లో మూతపడింది. ఈయనది ఏ మిల్లో నేను చెప్పను. ఒకరోజు ముక్కలు పంచుతూ అన్నాడు: “ఇచ్చింది పుచ్చుకుని ముందే వెళ్లిపోయినవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు తంబీ. తెరుస్తారులే అని మేం కూర్చున్నాం.” అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ ఆటలో కూడా స్కూటే చెప్పాడు.

ఆయన ఎక్కడో ఫుల్ కౌంటు కట్టి వచ్చాడు. నిజమే. అందుకు నా పరోటాలు ఎందుకు పణంగా పెట్టాలన్నది ఇప్పటికీ నా గొడవ. కాకపోతే రాత్రిపూట ఇంకోటి తడుతోంది. మా కంపెనీలో నన్ను పర్మనెంటు చేస్తామని ఏటా ఏప్రిల్లో చెబుతారు. ఏటా మేలో, వచ్చే ఏడు చూద్దాం అంటారు. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టి నేను మళ్లీ కూర్చుంటాను. ఇంటావిడ యానాం వచ్చెయ్యమంటుంది. ఇంకొక్క ఏడాది అంటాను.

ఈ విషయంలో పెద్దాయన్ని సలహా అడగొచ్చు. ఏం చెబుతాడో తెలుసు గనక అడగడం లేదు.