మరీ శుభ్రమైన నీళ్లు

నేను హ్యామర్ కోరల్‌ని. నా చేతివేళ్ల కొసలు సుత్తి తలకాయల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. పుట్టింది ఇండోనేషియా తీరంలో, సముద్రంలోనే కోరల్స్ ముక్కలు పాతి పెంచే తోటలో. అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం పర్మిట్ మీద, ప్లాస్టిక్ సంచిలో విమానం ఎక్కాను. ఇప్పుడుంటున్నది అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, ఒక తెలుగాయన హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టిలో.

వచ్చిన చుట్టాలు నన్ను మొక్క అంటారు, లేదా రాయి అంటారు. నేను జంతువుని. కాకపోతే నా కండలో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. అది వెలుతురుతో వండిందే నాకు ముఖ్యమైన తిండి. నా ఒంట్లోంచి పోయే నైట్రోజన్, ఫాస్ఫరస్ దానికి ఎరువు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం తెలియని వాళ్లకి నా జబ్బు అర్థం కాదు.

మా యజమానికి అంకెలంటే ప్రాణం. తొట్టి అద్దం మీద పచ్చటి పాకుడు కనిపించేసరికి ఫాస్ఫేట్‌ని పీల్చేసే ఇనుప గుళికలు తెచ్చి ఫిల్టర్లో పోశాడు. నీళ్లలోని మలినాన్ని నురుగుగా లాగేసే ప్రోటీన్ స్కిమ్మర్ ఉన్నది తీసేసి పెద్దది బిగించాడు. చేపలకి మేత కోశాడు. టెస్ట్ కిట్‌లో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపించిన రోజు ఆయన ఆనందం చూడాలి! నీళ్లు అద్దంలా మెరిశాయి. నా నాచుకి మాత్రం పస్తులు మొదలయ్యాయి.

ముందు రంగు పోయింది. తర్వాత పగలంతా ముడుచుకుని ఉండటం మొదలుపెట్టాను. ఆపైన కండ అంచు దిగజారి, కింద ఎముక పలకల పదునైన అంచులు తెల్లగా బయటపడ్డాయి. ఆయనకి కంగారు. లైటు పెంచాడు. నన్ను అడుగు నుంచి తీసి పైరాతి మీద, సరిగ్గా పంపు ధారకి ఎదురుగా పెట్టాడు. ఉప్పు బ్రాండ్ మార్చాడు. ఎముక బలంగా కడుతుందని ఆల్కలినిటీని 8 నుంచి 11.5 డీకేహెచ్‌కి ఎక్కించాడు. ఎముకకి సున్నం ఉంది, కండకి తిండి లేదు! ఇన్ని మార్పులూ ఒక్కసారే చేశాక ఏది నన్ను చంపుతోందో ఎవరు చెప్పగలరు?

“ఏవండీ, దాని మానాన దాన్ని వదిలెయ్యకూడదూ?” అంది ఆయన భార్య. రాజమండ్రి నుంచి వచ్చిన వాళ్లమ్మగారైతే ఉప్పుతో దిష్టి తీస్తానన్నారు. నేను ఉన్నదే ఉప్పులో! ఉంగరంలో పొదిగించుకునే పగడం ఇదేనా అని కూడా అడిగారు. కాదు, అది మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం, మాకు దూరపు చుట్టం.

చివరికి ఆఫీసులో పనిచేసే వరంగల్ కుర్రాడొకడు వచ్చాడు. వాడికీ ఇంట్లో తొట్టి ఉంది. వస్తూనే ఆయన చేతిలో కొత్త మందు సీసా చూసి, “జర ఆగన్నా” అని పక్కన పెట్టించాడు. ముందు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌నే అనుమానించాడు. వెయ్యికి 35 పాళ్లని తెలిసిన ద్రావణం చుక్క వేసి చూస్తే అది సరిగ్గానే ఉంది. వేడి 25 డిగ్రీలు, ఫర్వాలేదు. ఆర్వో నీళ్లలో కరిగిన లవణాల కొలత (టీడీఎస్) సున్నా, అదీ ఫర్వాలేదు. అప్పుడు టార్చి వేసి నన్ను చూశాడు.

నా కొమ్మల్లో ఒకదాని మీద గోధుమరంగు జెల్లీ పట్టింది. అదొక రోగం. తాకితే పొగలా నీళ్లలో లేచి పక్కవాళ్లకి అంటుకుంటుంది. అందుకే పంపులన్నీ ఆపించి, సన్నటి గొట్టంతో ఆ జెల్లీని బకెట్లోకి లాగేశాడు. నన్ను బయటికి తీసి, కుళ్లిన తల కింద బాగా దిగువన ఎముకని కట్టర్‌తో తుంచాడు. మా రకంలో ఒక్కో కొమ్మ తల దేనికదే కాబట్టి మిగతావి బతికాయి. అయోడిన్ కలిపిన తొట్టినీళ్లలో కాసేపు ముంచి, మళ్లీ అడుగున, ధార నేరుగా తగలని చోట పెట్టాడు.

గుళికలు తీయించాడు, చేపలకి మేత పెంచమన్నాడు. ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గరైనా కనపడాలట. ఆల్కలినిటీని ఏదో పోసి దించకుండా, వాడకంలో దానంతటదే 8కి దిగనివ్వమన్నాడు. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ కరువైతే కోరల్స్ వెలుతురుకీ వేడికీ త్వరగా తెల్లబడతాయని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించారు. మా యజమానికి వాడి మాట కంటే ఆ పేపరే నచ్చింది. పోనీలెండి, పని జరిగింది.

అసలు ఇంట్లో కోరల్స్ పెంచడానికి మొదట్లో దారి చూపించిన వాళ్లలో ఒకరు మా ఇండోనేషియా వారే, లీ చిన్ ఎంగ్. 1961లో తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో రాశారు. సముద్రపు నీళ్లు, జీవులతో నిండిన రాళ్లు, గాలి బుడగలు, అంతే.

నా రంగు చాలా నెమ్మదిగా తిరిగొచ్చింది. దిగిపోయిన కండ మళ్లీ ఎముక పైకి పాకలేదు కానీ, కింద పక్కన చిన్న పిలక వేస్తున్నాను.

విదేశాల్లో తొట్టి పెట్టుకున్న తెలుగువాళ్లకి ఒక్క విన్నపం. మీ కోరల్ ముడుచుకుంటే ముందు కొలవండి, ఒక్కటే మార్చండి, మార్చాక ఆగండి. ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ బెంగే లేదు. ఎముక కట్టే కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి ఉన్న జాబితాలోనే ఉన్నాయి. ఎవరైనా ముక్క అమ్ముతానంటే కొనకండి, అది నేరం.