పానా పట్టని చేతులు

ట్రాక్ మీదికి పోకుండానే బండి విరగ్గొట్టుకునే విద్య మా రోజుల్లో ఎవరికీ పట్టుబడలేదు. ఇప్పటి కుర్రాళ్ళకి అదీ వచ్చేసింది. మొన్న మనవడు పోరు పెడితే శ్రీపెరంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్ళాను. అక్కడొక కుర్రాడు వెనక చక్రం కింద స్టాండు పెట్టి, ఒంటిచేత్తో బండి ఎత్తబోయాడు. ఒకవైపు కొక్కెం జారి బండి అటే ఒరిగిపోయింది. బ్రేకు లివరు విరిగింది, ట్యాంకుకి సొట్ట, ఫెయిరింగుకి పగులు. మొదటి సెషనింకా మొదలే కాలేదు! వాడు ముందు చేసిన పనేమిటో తెలుసా? ఫోను తీసి ఫోటో కొట్టుకున్నాడు.

మాది నెల్లూరు. కలకత్తా రోడ్డు పట్టుకుని మద్రాసు పోతుంటే, ఊరింకా రాకముందే షోలవరం తగిలేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. యుద్ధం అయిపోయాక ఊరికే పడుంటే దాని మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు రేసులు పెట్టేవాళ్ళు. 1990లో ఇరుంగాట్టుకోట్టై వచ్చేదాకా మా మెకానిక్ షెడ్డు వాళ్ళకి రేసంటే అదే. సామాన్లు లారీకెక్కించుకుని పోయేవాళ్ళం. సామాన్లంటే ఏముంది, గోనెసంచిలో పానాలు, సుత్తి, కటింగ్ ప్లయరు, బైండింగ్ వైరు, ప్లగ్గులు, ఒక క్లచ్ వైరు. 1983లో రాజ్‌దూత్ 350 వచ్చాక అదనంగా బ్రేకు షూలు కూడా. యమహా ఆర్‌డీ 350నే ఎస్కార్ట్స్ వాళ్ళు ఇక్కడ ఆ పేరుతో అమ్మారు. డిస్కు లేదు, ముందూ వెనకా డ్రమ్ములే. రెండు సిలిండర్ల జోరుకి డ్రమ్ములు కాగిపోతే బ్రేకు లివరు హ్యాండిల్‌కి ఆనేది.

అప్పట్లో అందరి భయమూ పిస్టన్ జామవుతుందనే. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లో ఆయిలు పాలు తగ్గినా, స్పీడు కోసం కార్బ్యురేటర్లో మరీ చిన్న జెట్టు వేసినా, పిస్టన్ వేడికి ఉబ్బి బోరుని పట్టేసేది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగేది. అందుకని ఆరితేరినవాడి ఎడమచేతి రెండు వేళ్ళూ ఎప్పుడూ క్లచ్ మీదే. ఇంజన్ గొంతు మారిందా, నొక్కేసేవాడు. ఇక మా పని. లారీ నీడన దుప్పటి పరిచి హెడ్డూ బారెలూ విప్పేవాళ్ళం. పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం బోరు గోడకి చారలుగా అంటుకుని ఉండేది. వేలితో తడిమితే ఎక్కడా తగలకుండా పోయేదాకా ఎమెరీ కాయితంతో రుద్దేవాళ్ళం. పిస్టన్ మీద గీతలు సన్న ఆకురాయితో దించి, ఇరుక్కున్న రింగుని కత్తిమొనతో విడిపించి, మళ్ళీ బిగించేవాళ్ళం. ఒక్క కిక్కుకే స్టార్టయ్యేదని బడాయి పోను గానీ, మధ్యాహ్నం రేసుకి మాత్రం లైన్లో ఉండేది.

మనవడిది నాలుగొందల సీసీ ఫోర్ స్ట్రోకు. మొన్న ట్రాక్ మీద మలుపులో ముందు చక్రం జారి పక్కకి పడింది. వాడు తోలు సూటు మీద జారుకుంటూ పోయి, దులుపుకుని లేచాడు. ఈ ఒక్క విషయంలో వీళ్ళే నయం. మేం జీన్స్ ప్యాంటుతో దిగేవాళ్ళం. మోకాటి చిప్పల తోలు షోలవరానికి సమర్పించుకున్నవాళ్ళు నెల్లూర్లో ఇంకా ఉన్నారు. ఇప్పుడు సూటూ హెల్మెట్టూ చూసి, అద్దాలు ఊడదీయించి, లైట్లకి టేపు వేయించి, డ్రెయిన్ బోల్టుకి తీగ కట్టారో లేదో చూసిగానీ ట్రాక్ మీదికి వదలరు. మంచిదే. ఆ తీగ మాత్రం మావాడికి పక్కవాడు కట్టిపెట్టాడు.

ఇక బండి సంగతి. ఇంజన్ పక్కన స్లైడరని ఒక బుడిపె బిగిస్తారు, పడితే కాపాడుతుందట. అదేమో కాపలా పెట్టిన కుక్క ఇంటాయన్నే కరిచినట్టు, బిగించిన చోట ఛాసిస్ చెవినే తుంచుకుని పోయింది. ఆపైన బండి ఇంజన్ కవరు మీదే తారు రాసుకుంటూ పోయింది. కవరు అరిగి, చిల్లుపడి, ఆయిలు ట్రాక్ పాలైంది. ఎర్రజెండా ఊపి అందర్నీ వెనక్కి పిలిచారు. ఆయిలు మీద సిమెంటు చల్లి ఊడ్చేసరికి సెషను కాస్తా అయిపోయింది. డబ్బు కట్టి దిగినవాళ్ళు మావాణ్ణి ఎలా చూశారో చెప్పక్కర్లేదు.

చిల్లుకి నేను ఎం-సీలు పెట్టి, ఆయిలు పోయించి, స్టార్ట్ చెయ్యరా అంటే బండి పలకదు. మనవడూ, వాడి మిత్రులూ ఇంజనే పోయిందని తేల్చేశారు. పడితే ఇంజన్ ఆపేసే సెన్సరుంది, తాళం ఆపి మళ్ళీ తిప్పండ్రా అన్నాను. పలికింది. బండితో వచ్చిన పుస్తకంలో ఉందా ముక్క. ఆ పుస్తకం మా ఇంట్లో చదివింది నేనొక్కణ్ణే.

“ఇన్సూరెన్సుందిగా తాతయ్యా” అన్నాడు తిరిగొచ్చేటప్పుడు. ఇంటికొచ్చాక పాలసీ కాయితం తీసి ముందు పెట్టాను. రేసులకి వర్తించదు.

“ఇది రేసు కాదు, ట్రాక్ డే.”

“పక్కనే స్పీడు టెస్టింగని కూడా రాశారు, చదువు.”

తెగిన చెవికి వెల్డింగ్ పెట్టడం కుదరదు, ఛాసిస్ మొత్తం మార్చాలన్నారు సర్వీసు వాళ్ళు. ఛాసిస్ మారితే నెంబరు మారుతుంది, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. చేతివేలంత ఇనప ముక్క కోసం! అన్నాళ్ళూ కాలేజీకి నా యెజ్దీ ఇమ్మన్నాడు. ఇచ్చాను. కాసేపటికి లోపలికొచ్చి, “దీని కిక్ రాడ్డు ఎవరో కాజేశారు తాతయ్యా” అన్నాడు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి, పైకి తిప్పి కొట్టాలిరా అంటే నమ్మలేదు. ఫోన్లో వీడియో చూసొచ్చాక నమ్మాడు.