చందా మీది, శిలాఫలకం వారిది

మహానగరాల్లో 'క్రౌడ్ ఫండింగ్' అనే కొత్త విద్య వచ్చిందట. పార్కు కావాలన్నా, చెరువు గట్టున నాలుగు బల్లలు కావాలన్నా జనమే తలా కొంత వేసుకుంటారట. ఎక్కడ ఏది ఉండాలో కూడా వాళ్లే తేల్చుకుంటారట. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఈ మాట చెబితే నవ్విపోతారు. వినాయక చవితి ముందు మన వీధుల్లో తిరిగే రసీదు పుస్తకం ఎదుట ఏ యాప్ నిలుస్తుంది? "అన్నా, పోయినేడు వెయ్యి నూటపదహార్లు రాశారు" అని తలుపు కొట్టి మరీ గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ ఇంకా పుట్టలేదు.

చందాలు మనకొకరు నేర్పక్కర్లేదు. చిక్కల్లా రెండో సగంతోనే. డబ్బు అడుగుతారు, అభిప్రాయం అడగరు.

విగ్రహాల సంగతే చూడండి. పాత బండ్ల స్క్రాపుతో కూడా విగ్రహాలు చేయగల శిల్పులున్న ఊరు తెనాలి. చేసేవాళ్లు అంత దగ్గరగా ఉంటే నిలబెట్టేవాళ్లు ఊరుకుంటారా? రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రాత్రికి రాత్రి వెలిసే విగ్రహాలు తీర్పులు చదవవు, జనాన్నీ అడగవు.

విగ్రహానికి చందాలెత్తడం మన దగ్గరే కాదు. 1885లో న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలలేదు. జోసెఫ్ పులిట్జర్ తన 'వరల్డ్' పత్రికలో చందాలు అడిగితే ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటాయి. ఇచ్చినవాళ్లు లక్షకు పైమాటే, అందులో ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే. అందరి పేర్లూ పత్రికలో అచ్చేశాడాయన. మన దగ్గర ఇది కుదిరే పని కాదు. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులు అయ్యేసరికి శిలాఫలకం నిండిపోతుంది. చందాదారుల పేర్లకు ఇంకో రాయి కొనాలంటే మళ్లీ చందాలు ఎత్తాలి.

ప్రభుత్వం కూడా ఈ విద్యలో వెనకబడలేదు. 1997 జనవరి 1న జన్మభూమి కార్యక్రమం మొదలైనప్పుడు పనుల్లో ప్రజల వాటా ఉండాలన్నారు. వాటా ఉంటే మాట కూడా ఉంటుంది కాబోలనుకున్నారు అమాయకులు. ఆ వాటా చాలాచోట్ల జనం పేరుతో కాంట్రాక్టరే కట్టేస్తున్నాడని అప్పట్లో విమర్శలొచ్చాయి. ఎంత దయామయుడు! జనానికి ఖర్చూ తప్పించాడు, రోడ్డు ఎలా ఉండాలో చెప్పే శ్రమా తప్పించాడు.

మాట చెప్పడానికి వార్డు కమిటీ ఉండదా అంటారా? 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పురపాలికలకే అది తప్పనిసరి. 2011 జనాభా లెక్కల్లో తెనాలి సుమారు 1.65 లక్షలు, బాపట్ల 71 వేలు, రేపల్లె 51 వేలు. మూడూళ్లనూ ఒకే కాటాలో వేసి తూచినా 3 లక్షలు తూగవు. మిగతా పదమూడు వేల చిల్లరా ఈపాటికి పుట్టే ఉంటారు, కానీ 2021లో రావలసిన లెక్కలవాళ్లే ఆ ఏడు ఇంటికి రాలేదు.

ఇలాంటి తూకాలేవీ చూడనివాళ్లు ఒకప్పుడు పక్కనే ఉండేవారు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల సంగతి ఇది. ఈ మున్సిపాలిటీ మాకొద్దు, ఈ పన్నులు మేం కట్టలేం అని అక్కడి జనం మొరపెట్టుకున్నారు. సర్కారు వినలేదు. 1921లో స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు ఎండకూ వానకూ అక్కడే ఉన్నారు. పౌరుల భాగస్వామ్యం మీద ఇప్పుడు ఏసీ హాళ్లలో జరిగే వర్క్‌షాపులకు వాళ్లను పిలిచి ఉంటే, టీ బిస్కెట్ల దగ్గరే రభస చేసేవారు.

మనకు ఇల్లు వదిలేంత కష్టం అక్కర్లేదు. ఈసారి వీధి పార్కు కోసమంటూ రసీదు పుస్తకం వస్తే, పెన్ను తీసేముందు ప్లానూ ఎస్టిమేటూ చూపించమనండి. చూపిస్తే ఇవ్వండి. చూపించకపోతే ఆ డబ్బు వినాయకుడికే ఇచ్చేయండి. రోడ్డు ఆక్రమించినా, తొమ్మిది రోజులు కాగానే ఖాళీ చేసి వెళ్లే పెద్దమనిషి ఆయనొక్కడే.