గీత పడలేదు

ఓహైయోలో ఓ చిన్న షెడ్డుకి 1969 షెవర్లే కమారో వచ్చింది. ముందు అద్దానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా పగులు. కొత్త అద్దం వెయ్యాలంటే ముందు చుట్టూ ఉన్న స్టీలు పట్టీ ఊడదీయాలి.

"అద్దం ఎలాగూ పోయేదే. పట్టీ మీద మాత్రం గీత పడకూడదు. నార్‌వుడ్ ఫ్యాక్టరీలో బిగించింది. 50 ఏళ్లు దాటినా ఒక్క సొట్ట లేదు" అన్నాడు కారాయన.

ముసలి మెకానిక్ తలూపాడు.

పట్టీ అంచు వెంబడి పెయింటు మీద టేపు అంటించాడు. కొస వంచిన ఇనప బద్ద ఒకటి అద్దానికీ పట్టీకీ మధ్య దూర్చి పక్కకి జరుపుతూ పోయాడు. పట్టీని పట్టుకున్న క్లిప్పులు పైకి కనపడవు, చేతికి తెలియాల్సిందే. తెలిసిన చోట కొస తగిలించి మెల్లగా తిప్పితే టక్కున వదులుతాయి. అన్నీ వదిలేదాకా పట్టీని లాగకూడదు. లాగితే పల్చటి స్టెయిన్‌లెస్ స్టీలు మడతపడుతుంది. ఆ మడతని ఎంత సాపు చేసినా ఎండలో పెడితే జాడ తెలిసిపోతుంది.

టక్కుమన్నప్పుడల్లా కారాయన ఉలిక్కిపడ్డాడు.

కింది మూలకి వచ్చేసరికి బద్దకి ఏమీ తగల్లేదు. పట్టీ దానంతటదే చేతిలోకి వచ్చేసింది.

దాన్ని దుప్పటి మీద పడుకోబెట్టారు. కారాయన వంగి, కొస నుంచి కొస దాకా వేలితో తడిమాడు. గీత లేదు. మెకానిక్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

మెకానిక్ ఆయన్ని ఆ మూల దగ్గరికి పిలిచాడు. క్లిప్పు తొడిగే మేకు బాడీకి వెల్డింగ్ చేసి ఉండాలి. అక్కడ మేకు లేదు. మేకుండాల్సిన రేకూ లేదు. పట్టీ కింద చేరిన నీళ్లు త్వరగా ఆరవు, ఈ కార్లని తుప్పు అక్కడే పట్టుకుంటుంది. ఎవరో పుట్టీ కూరి పైన పెయింటు కొట్టారు. స్క్రూడ్రైవర్ ఆనిస్తే పిడి దాకా దిగిపోయింది.

"తుప్పు రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి. దీని మీదే అద్దం పెడితే నీళ్లు లోపలికి కారి ఫ్లోరు కూడా పోతుంది."

"ఎంతవుతుంది?"

చెప్పాడు.

కారాయన దుప్పటి మీది పట్టీ వైపు చూశాడు.

"పట్టీ పెట్టేస్తే ఇదేమీ కనపడదుగా?"

"మూల జిగురుతో అంటిస్తే కనపడదు."

"అయితే అంటించెయ్యండి. శనివారం కారు అమ్మేస్తున్నాను."

"కొనేవాళ్లు ఎవరికైనా చూపించుకుంటేనో?"

"చూపించుకోడు. కొనేది మా తమ్ముడు."