అన్నీ ఒక్కడే వాయిస్తే వినేదెవరు?

ఈ రోజుల్లో బ్లూగ్రాస్ అనే అమెరికన్ పల్లె సంగీతం వైపు వచ్చిన ఏ కుర్రాణ్ణి కదిపినా నాలుగైదు వాయిద్యాలు వచ్చంటాడు. అబద్ధం కాదు, నిజంగానే వచ్చు. బాంజో మోగిస్తాడు, మాండొలిన్ అందుకుంటాడు, గిటార్ సరేసరి, ఫిడిల్ మీద కూడా నాలుగు పాటలు లాగిస్తాడు. ఆ వేళ్ళ వేగం మా తరంలో చాలామందికి లేదు, ఒప్పుకుంటాను. నా గొడవ వేళ్ళతో కాదు. ఆ రెండో వాయిద్యం ఎవరి కోసం పట్టావు నాయనా అన్నదే నా గొడవ.

ఈ సంగీతానికి మూలపురుషుడు బిల్ మన్రో సంగతే చూడండి. కెంటకీలో ఎనిమిది మంది పిల్లల్లో కడగొట్టువాడు. ఫిడిల్ ఒక అన్న బర్చ్ తీసుకున్నాడు, గిటార్ ఇంకో అన్న చార్లీ తీసుకున్నాడు. తమ్ముడికి మిగిలింది మాండొలిన్. దానికైనా ఎనిమిది తీగలూ ఉంచితే గోల ఎక్కువవుతుందని నాలుగే ఉంచనిచ్చారట. ఆ తర్వాత మేనమామ పెన్ ఊళ్ళలో డాన్సులకు ఫిడిల్ వాయించడానికి వెళ్తుంటే, వెనకాల గిటార్ పట్టినవాడూ ఈ పిల్లవాడే. ఇంట్లో ఏ చోటు ఖాళీగా ఉంటే అక్కడ నిలబడ్డాడు.

డాక్ వాట్సన్‌దీ అదే దారి. నార్త్ కరొలైనాలో డీప్ గ్యాప్ అనే కొండ ఊరు, పసితనంలోనే చూపు పోయింది. మొదటి బాంజో తండ్రి చేతులతో చేసి ఇచ్చాడు. దాని మీద బిగించిన తోలు ఇంటి ముసలి పిల్లిది. 1950ల్లో వాట్సన్ ఒక డాన్సు బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడు. అందులో ఫిడిల్ వాయించేవాడు లేడు. జనమేమో స్క్వేర్ డాన్సు అడుగుతారు. చేసేది లేక ఫిడిల్ పాటలన్నీ గిటార్ మీదికి దించుకున్నాడు. 1960ల్లో అదే విద్యను మామూలు గిటార్ మీద వినిపించేసరికి, అప్పటిదాకా ఎక్కువగా తాళం పట్టడానికే ఉన్న గిటార్ ముందు వరసలోకి వచ్చింది. ఇవాళ పిల్లలు పోటీలు పడి నేర్చుకునే ఫ్లాట్‌పికింగ్‌లో, అంటే పిక్కుతో గిటార్ మీద పాట మీటడంలో, చాలా భాగం ఒక ఫిడిలర్ లేని లోటు తీర్చడానికి పుట్టిందే.

మూడు వేళ్ళ బాంజోతో లోకాన్ని కుదిపిన ఎర్ల్ స్క్రగ్స్ భక్తి పాటల దగ్గరికొచ్చేసరికి ఆ బాంజోనే పక్కన పెట్టి గిటార్ పట్టేవాడు. నాలుగు గొంతులు కలిసి పాడుతుంటే బాంజో హోరు పనికిరాదని. రికీ స్కాగ్స్ అయిదో ఏట మాండొలిన్ పట్టాడు, ఆరో ఏట మన్రో తన సొంత మాండొలిన్ మెళ్ళో వేసి స్టేజీ మీద వాయింపజేశాడు. రాల్ఫ్ స్టాన్లీ దగ్గర మాండొలిన్, కంట్రీ జెంటిల్‌మెన్ బృందంలో ఫిడిల్, 1975 నాటి జె.డి. క్రో రికార్డులో మళ్ళీ మాండొలిన్, ఎమ్మిలూ హారిస్ బృందంలో ఏది కావాలంటే అది. ప్రతిచోటా ముందు పక్కవాణ్ణి విని, అప్పుడు తను వాయించినవాడు.

మేం నేర్చుకున్న పద్ధతి కూడా అలాంటిదే. పాత రికార్డు ప్లేయర్లలో 16 అని ఒక స్పీడు ఉండేది. 33⅓లో తిరగాల్సిన ఎల్పీని అందులో పెడితే సరిగ్గా సగం వేగం. శ్రుతి కూడా సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగేది, కాబట్టి బాంజో తీగలు సడలించే పని లేదు. స్క్రగ్స్ బొటనవేలు ఎక్కడ పడుతోందో ఆ బురబురలోంచి ఏరుకోవాలి. ముల్లు ఎత్తడం, రెండు గీతలు వెనక్కి పెట్టడం, మళ్ళీ వినడం. అలా విన్నప్పుడు బాంజో ఒక్కటే వినపడదు, దాని వెనక గిటార్ ఏం చేస్తోందో, ఫిడిల్ ఎక్కడ తగ్గిందో కూడా చెవిలో పడుతుంది. ఇప్పుడు ఏ తీగ ఎక్కడ నొక్కాలో రాసిచ్చే ట్యాబ్ కాగితం మీద ఒక్క బాంజోయే ఉంటుంది.

తక్కిన చదువు వర్జీనియాలో గేలక్స్ మైదానంలో జరిగింది. 1935 నుంచి అక్కడ ఫిడిలర్ల పోటీ జరుగుతోంది. పోటీ స్టేజీ మీద, సంగీతం పార్కింగ్‌లో. బండ్ల మధ్య వలయంగా నిలబడిన జనంలోకి కొత్తవాడు వస్తే ముందు వెనక వరసలో తాళం పట్టాలి. మాండొలిన్ అయితే తీగలు నొక్కీ నొక్కనట్టు పట్టి, బాస్ పడిన మరుక్షణం టక్కుమని చాప్ కొట్టాలి. ఎవరైనా పాడుతుంటే ఫిడిల్, బాంజో రెండూ ఒకేసారి ఎగబడకూడదు. బాస్ వాయించేవాడు భోజనానికి వెళ్తే ఎవరో ఒకరు అది అందుకోవాలి. నాకు బాస్ వచ్చింది అలాగే.

మాండొలిన్‌కీ ఫిడిల్‌కీ శ్రుతి ఒకటే: జి, డి, ఎ, ఇ. ఒకటి వస్తే రెండోదానికి ఎడమచేతికి దారి తెలుసు, కమాను పట్టే కుడిచేతికే మళ్ళీ అక్షరాభ్యాసం. గేలక్స్‌లో ఒక పెద్దాయన ఓ పాత పాట కోసం ఫిడిల్ కింది తీగలు రెండూ పెంచి ఎ, ఇ, ఎ, ఇ చేశాడు. విజయవాడలో చిన్నప్పుడు నేను నేర్చుకున్న వయొలిన్ అమరిక అదే, స-ప-స-ప. ఆ శ్రుతి విన్న క్షణాన నాకా కొండలు పరాయివి అనిపించలేదు. ఆయన తన ఫిడిల్ నా చేతికిచ్చి, తను గిటార్ తీసుకుని నా వెనక నిలబడ్డాడు. నాకు తెలిసిన గౌరవాల్లో అంతకు మించింది లేదు.

ఇప్పటి సంగతి చెప్తాను. మా మనవడు ఈమధ్య ఒక పాట వినిపించాడు. బాంజో, మాండొలిన్, గిటార్, ఫిడిల్, బాస్, అయిదూ వాడే. గదిలో తలుపేసుకుని, చెవిలో తాళం కొట్టే క్లిక్ పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఒక్క తప్పు లేదు. మాండొలిన్ తీసి నా వెనక తాళం పట్టమన్నాను. నేను మధ్యలో పాట కాస్త ఊగనిచ్చి నెమ్మది చేసేసరికి వాడు ఆగిపోయి, "తాతయ్యా, టెంపో పోయింది" అన్నాడు. టెంపో పోలేదు, నేనున్నాను అక్కడ. పక్కన మనిషి ఉన్నప్పుడు ఆ మనిషి ఊపిరిని బట్టి చేయి కదలాలని మావాడికి ఎవరూ నేర్పలేదు.

కాలేజీలు చెడగొట్టాయనను. ఈస్ట్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీలో 1982 నుంచి బ్లూగ్రాస్ నేర్పుతున్నారు, అక్కడ పిల్లలు బృందాలుగానే వాయిస్తారు. చెడగొట్టింది ఒంటరి గది. మన తెలుగు తల్లిదండ్రులూ అదే చేస్తున్నారు. పిల్లాడికి మూడో వాయిద్యం కొనిపెడతారు, నలుగురున్న చోటికి మాత్రం తీసుకెళ్ళరు. ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకుని కొండల్లోకి తీసుకెళ్ళండి.

మావాణ్ణి ఈ ఆగస్టులో గేలక్స్‌కి తీసుకెళ్తున్నాను. బాంజో ఇంట్లో పెట్టి రమ్మన్నాను. అక్కడ బాంజోలకు కొదవ ఉండదు, బాస్ పట్టేవాళ్ళే ఎప్పుడూ తక్కువ.